వీపు మీది వాత

శనివారం రాత్రిలోగా వెర్నెల్ చేయాల్సిన పనులు ఇవి. పన్నెండు కోళ్ళు కోసి ముక్కలు మజ్జిగలో నానబెట్టడం. బంగాళాదుంపలు ఉడికించి తొక్క తీయడం. భర్త రాస్కో తెల్లచొక్కాకి గంజి పెట్టి ఇస్త్రీ చేయడం. రేపు చర్చిలో అతను చదవబోయే ఉపన్యాసం టైపు కొట్టడం. రాసింది కూడా ఆమే. అత్తగారి మోకాళ్ళకి తైలం పట్టించడం. ముందుగదిలో నేలచెక్కల సందుల్లో ఎండిపోయిన ఎర్లీన్ సడత్ రక్తాన్ని సబ్బునీళ్ళతో కడగడం.

చివరి పని ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అలాంటివి ఆడవాళ్ళ పనులేనని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ముందుగదిలోనే ఆమె ఆడవాళ్ళ జుట్టు సాపు చేసే షాపు నడిపేది. అప్పట్లో అమెరికా దక్షిణాన మిసిసిపి రాష్ట్రంలో, మా కౌంటీలో నల్లవాళ్ళకి పని ఇచ్చేది తెల్లవాళ్ళే. ఓటరుగా చేరతానని కోర్టు మెట్లెక్కినవాళ్ళకి మర్నాడు పని ఉండదు. వెర్నెల్ దగ్గరికి వచ్చేది మాత్రం నల్ల ఆడవాళ్ళే కాబట్టి ఆమెను పనిలోంచి తీసేసే మొనగాడు లేడు. అందుకే పాఠాలన్నీ ఆమె కుర్చీలోనే జరిగేవి. పొయ్యి మీద ఇనపదువ్వెన కాలుతూ ఉండేది. పాయలు పాయలుగా జుట్టు సాపు చేస్తూ, ఓటరుగా చేర్చుకోవడానికి కోర్టు గుమాస్తా పెట్టే పరీక్షలో అడిగే రాజ్యాంగం ముక్కల్ని వాళ్ళచేత వల్లె వేయించేది. రెండేళ్ళలో నలభై ఒక్కమందిని కోర్టుకి పంపింది. ఓటుహక్కు సంఘానికి ప్రెసిడెంటు మాత్రం రాస్కో.

"వెర్నెల్ లేకపోతే ఈ ఉద్యమమే లేదయ్యా" అనేవాడు అతను మీటింగుల్లో. "ఏదీ, ఆ కాఫీ ఇంకాస్త పొయ్యి." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. మా వాడు జాతి కోసం కాళ్ళరిగేలా తిరుగుతుంటే కట్టుకున్నదానికి కాలరుకి గంజి పెట్టే తీరిక లేదని అత్తగారు వరండాలో కూర్చుని దారినపోయేవాళ్ళతో అనేది.

బుధవారం మధ్యాహ్నం కుర్చీలో ఎర్లీన్ ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఎనిమిదో ఏటినుంచి పత్తి ఏరిన వేళ్ళు పెన్సిల్‌కి వంగడం లేదు. దీనికన్నా పాముని పట్టుకోవడమే సులువు తల్లీ, అని నవ్వుతోంది. అంతలో తలుపు తన్నుకుని ఇద్దరు డిప్యూటీలు, షెరీఫ్ కింది తెల్ల పోలీసులు, లోపలికొచ్చారు. ముందున్నవాడు ప్రూయిట్. వాడికి పాతికేళ్ళుంటాయి. వెర్నెల్‌కి నలభై మూడు.

"ఏమే, ఇక్కడ పాఠాలు చెప్పేదెవరే?"

నేనేనని అనకుండా వెర్నెల్ చూపు దించుకుంది. తెల్లమనిషి అడిగితే చూపు దించి తెలీదు దొరా అనడం ఊహ తెలిసినప్పటినుంచీ ఒంటికి పట్టిన అలవాటు. ఇంతమందికి ధైర్యం నూరిపోసిన మనిషికి ఆ ఒక్క క్షణం ఆ అలవాటే మిగిలింది. ప్రూయిట్ కాగితాలు చించాడు. లాఠీతో అద్దం పగలగొట్టాడు. తర్వాత పొయ్యి మీది దువ్వెన తీశాడు. రెండోవాడు ఆమె చేతులు పట్టుకుని బల్ల మీదికి వంచాడు. ప్రూయిట్ జాకెట్టు చింపి, భుజాల మధ్య దువ్వెన ఆనించి అదిమాడు. తన చర్మం చిటపటలాడటం ఆమె చెవులారా విన్నది. కాలిన జుట్టు వాసన ఆమెకి రోజూ ఉండేదే. తన మాంసం వాసన చూడటం అదే మొదటిసారి.

ఎవరే, అన్నాడు మళ్ళీ. మళ్ళీ ఆనించాడు. ఆమె అరిచింది. జవాబు చెప్పలేదు.

"దాన్ని వదులు. నేర్పమని అడిగింది నేను" అంటూ ఎర్లీన్ కుర్చీలోంచి లేచింది. దొరా అనలేదు.

లాఠీ కణత మీద పడింది. ఎర్లీన్ మోకాళ్ళ మీద కూలింది. కూలిన మనిషిని వాడు నెత్తి మీద మళ్ళీ కొట్టాడు. బూటుకాలితో ముఖం మీద తన్నాడు. వాళ్ళు వెళ్ళాక గంటసేపు ఆమె వెర్నెల్ ఒడిలో చెవిలోంచి రక్తం కారుతూ ఊపిరి పీల్చింది. తర్వాత పీల్చలేదు.

గుండె ఆగి కుర్చీలోంచి పడిపోయిందని షెరీఫ్ రాయించాడు. మరి వెర్నెల్ వీపు మీది వాతల మాటేమిటని ఎవరో అడిగితే, జుట్టు పనివాళ్ళకి కాలడం మామూలే అన్నాడు.

ఉత్తరాది నుంచి పత్రికాయన ఆదివారం ఒక్కరోజు వచ్చి పోతాడు. ఆ సంగతి మాట్లాడటానికి శనివారం చర్చి పాస్టరు రెవరెండ్ గెయిన్స్ వంటింటి బల్ల దగ్గర రాస్కోతో కూర్చున్నాడు. వెర్నెల్ వాళ్ళకి వీపు పెట్టి కోడిని ముక్కలు చేస్తోంది. వాతల రసి బట్టకి అంటుకుని, కత్తి దించిన ప్రతిసారీ ఊడి వస్తోంది.

"రేపు నేను చెప్తాను" అంది చెయ్యి ఆపకుండా. "చూసింది నేనొక్కదాన్నే. ఈ చోట ఎవరికి వాళ్ళు కాల్చుకోలేరు. వీపు చూస్తే ఆయనకే తెలుస్తుంది."

గెయిన్స్ కప్పు బల్ల మీద పెట్టాడు. "చెల్లెమ్మా, నువ్వు నల్లబట్టల్లో ముందు వరసలో కూర్చుంటే చాలమ్మా. నీ మౌనమే మాట్లాడుతుంది."

"నా పెళ్ళాం వీపు ఊరందరికీ చూపించాలా?" అన్నాడు రాస్కో. తర్వాత గొంతు తగ్గించాడు. ప్రూయిట్ పేరెత్తితే సోమవారానికల్లా ఇల్లు తగలబెడతారని, ఆమె కోసమే చెబుతున్నానని అన్నాడు. అతని భయం అబద్ధం కాదని ఆమెకి తెలుసు. ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆ భయాన్ని కాచుకోవడం కూడా ఆమె పనుల్లో ఒకటి. కానీ కత్తి పట్టుకుని నిలబడి ఆలోచిస్తే ఆమెకి నవ్వులాంటిదేదో వచ్చింది. ప్రూయిట్ నోరు తెరవమని కాల్చాడు. వీళ్ళు నోరు తెరవొద్దని బతిమాలుతున్నారు. ఇద్దరికీ దొరికింది ఈ వీపే. బుధవారం ప్రూయిట్ ఆ ప్రశ్న అడిగింది తననే. నేనేనని ఒక్క మాట అని ఉంటే దెబ్బ తన కణత మీద పడేది. కాఫీ పోస్తూ నవ్వినప్పుడల్లా, అత్తగారి కాలరు మాట విని ఊరుకున్నప్పుడల్లా, మంచితనమనుకుని తను సాధన చేసింది ఈ మౌనాన్నేనా? దానికి ఎర్లీన్ బలైపోయింది.

రాత్రికి ఉపన్యాసం టైపు కొట్టింది. ఎర్లీన్ సడత్‌ని డిప్యూటీ ప్రూయిట్ కొట్టి చంపాడు, అని రాసింది.

ఆదివారం చర్చిలో రాస్కో చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగాడు. పత్రికాయన చేతిలోని పెన్నుకేసి చూశాడు. "మన పెద్దమ్మ ఒకావిడని ఈ వారం ప్రభువు తన దగ్గరికి పిలుచుకున్నాడు" అన్నాడు.

వెర్నెల్ లేచి నిలబడింది. "నేనలా రాయలేదు."

"కూర్చో వెర్నెల్" అన్నాడు రాస్కో.

ఆమె పక్కనున్న అత్తగారివైపు వీపు తిప్పింది. "అత్తయ్యా, ఈ గుండీలు విప్పు."

ముసలామె కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. వాచిన వేళ్ళతో ఒక్కో గుండీ తీసింది. ఐదో గుండీ దగ్గర ఆ చేతులు ఆగిపోయాయి. "యేసయ్యా" అంది. మిగిలినవి తనే గబగబా విప్పేసి, కొడుకు వైపు తిరిగి, "నువ్వు కూర్చో" అంది.

దువ్వెన పళ్ళు దిగి చీము పట్టిన వాతల వరసలు రెండూ అందరికీ కనిపించాయి. వెర్నెల్ అలాగే నిలబడి, లాఠీ ఎన్నిసార్లు పడిందో, ఎక్కడ పడిందో, ఎవరు కొట్టారో చెప్పింది. పాఠాలు చెప్పేది నేనే, రాసుకో, అని పత్రికాయనతో రెండుసార్లు అంది.

సోమవారం ఇల్లు తగలబెట్టారు. ప్రూయిట్‌కి శిక్ష పడలేదు. వెర్నెల్ ఇంకో పంతొమ్మిదేళ్ళు మా నాయకురాలిగా బతికింది. ఆమె పేరు మా వీధికి పెట్టారు, ఆమెను తలుచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది చదివిన మీరు ఎర్లీన్ సడత్‌ని గుర్తుంచుకోండి. ఆమెకి సమాధిరాయి లేదు, ఫొటో లేదు, ఓటు లేదు. తనని అడగని ప్రశ్నకి లేచి నిలబడి జవాబు చెప్పిన మనిషి.