ప్రేమలత సాక్ష్యం

శనివారం మధ్యాహ్నం ప్రేమలత తెల్లచీరకు గంజి పెడుతుంటే, మొగుడు సుధాకర్ గడప మీద కూర్చుని రేపు చర్చిలో ఆమె చెప్పాల్సిన సాక్ష్యం నేర్పిస్తున్నాడు. బాంబు మోత చెవిన పడని మనిషి గురువు, దాని కింద బతికి వచ్చిన మనిషి శిష్యురాలు. మన ఇళ్ళలో ఇలాంటి చదువులకు కొదవేముంది!

"పొడుగు సెప్పొద్దు. బాంబులు పడినాయి, దేవుడు కాపాడినాడు, మల్లా పోతాండాను, నా కోసరం ప్రార్థన సెయ్యండి. అంతే. ఆ ముసలామె సంగతి ఎత్తనే ఎత్తొద్దు."

ఎందుకు ఎత్తకూడదో ఆమెకు తెలుసు. తోడికోడలు స్వప్నకు కూడా ఇశ్రాయేలు పనికి పోవడానికి పాస్‌పోర్టు వచ్చేసింది. ఎమ్మిగనూరులో ఏజెంటును మాట్లాడిపెట్టింది సుధాకరే. స్వప్న మొగుడు సరేనన్నాడు, అత్త మద్దమ్మ సరేనంది. స్వప్న మాత్రం రెండేళ్ళ పాపను చంకనేసుకుని, "అక్క సాక్ష్యం ఇన్నాకనే సెప్తాను" అని మొండికేసింది. అక్కడ ఏం జరిగిందని స్వప్న విడిగా రెండుసార్లు అడిగింది కూడా. ప్రేమలత చెప్పబోయి మాట ఇంటిపని మీదికి మళ్ళించింది. ఊరికి వచ్చి పదిహేను రోజులైనా ఆ సంగతి ఎవరి దగ్గరా నోట రాలేదు. ఇప్పుడు ఆమె రేపు ఏం చెబితే దాన్ని బట్టి స్వప్న విమానం ఎక్కుతుంది, లేదా బిడ్డ దగ్గర ఉండిపోతుంది.

ఆరేళ్ళ కిందట ఆదోనిలో ముంబై రైలెక్కి ఆమె ఇశ్రాయేలు పోయింది. అప్పటినుంచి నందవరం దాకా ఎవరు కనబడినా మద్దమ్మది ఒకటే మాట. "మా కోడలు యేసయ్య నడిసిన నేల మీద నడుస్తాంది!" నడిచింది నిజమే. నాలుగో అంతస్తు నుంచి చెత్తసంచి మోసుకుని కిందికి, కూరగాయల సంచి మోసుకుని పైకి. రాహేలు అవ్వ అని ఒక ముసలామెకు స్నానం చేయించడం, గుడ్డలు మార్చడం, మంచం మీద నుంచి కుర్చీలోకి ఎత్తడం, అన్నం తినిపించడం. పెళ్ళయిన కొత్తలో మంచాన పడ్డ మామకు ఇవే పనులు చేస్తే అది కోడలి బాధ్యత అన్నారు, ఎవరూ ఒక మంచి మాట అనలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళు యొర్దాను నీళ్ళు తెమ్మన్నారు, ఒలీవ నూనె తెమ్మన్నారు. తిన్నావా అని అడిగింది ఆ రాహేలు అవ్వ ఒక్కతే, అది కూడా, భాష రాని మొదట్లో, చేతి సైగలతో.

అక్కడ యుద్ధం ముదిరాక సైరన్ మోగిన నిమిషన్నరలో అందరూ నేలకింది గదిలోకి దిగాలి. లిఫ్ట్ ఎక్కకూడదు. అవ్వకు నడక లేదు. వేరే ఊళ్ళో ఉన్న కొడుకు ఫోన్ చేసి, అమ్మను వదిలి దిగవద్దన్నాడు. ఇక్కడినుంచి సుధాకర్, "ముసలామెకు ఏమన్నా అయితే నీ పని పోతాది, ఆడనే ఉండు" అన్నాడు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు మగవాళ్ళు ఎంత చక్కగా ఒక మాట మీదికి వచ్చారో! పదిరోజులు అలాగే, సైరన్ మోగినప్పుడల్లా ఇద్దరు ఆడవాళ్ళూ ఇంటి లోపలి నడవలో చేతులు పట్టుకుని కూర్చున్నారు. టీవీలో అవతలి దేశపు తల్లి ఒకతె కూలిన గోడల కింద బిడ్డను వెతుక్కుంటుంటే అవ్వ చూడలేక మొహం తిప్పుకుని ఏడ్చింది.

పదకొండో రోజు పొద్దున ప్రేమలత గంజి తాగిస్తుండగా సైరన్ మోగింది. అవ్వ గిన్నె లాక్కుని తలుపు వైపు వేలు చూపించింది. "నీకు కాళ్ళున్నాయి. పో!" ప్రేమలత కదల్లేదు. అవ్వ కోపంగా ఆమె భుజం మీద కొట్టింది. అప్పుడు ప్రేమలత పరుగెత్తింది. చివరి మెట్ల దగ్గరికి వచ్చేసరికి భవనం మొత్తం ఊగింది. తర్వాత పైకి పోయి చూస్తే ఆ గది లేదు. అవ్వ గడ్డం మీద గంజి కారుతుంటే తుడవకుండా వచ్చేశానే అన్న బాధ ఆమెను ఇంకా తినేస్తోంది.

ఆదివారం పాస్టరయ్యగారు పిలిచి మైకు చేతికిచ్చారు. చాపల మీద ఆడవాళ్ళ మధ్య స్వప్న, ఒళ్ళో నిద్రపోతున్న పాప. మగవాళ్ళ వైపు ముందు వరసలో సుధాకర్.

"బాంబులు పడినాయి," అంది ప్రేమలత. "దేవుడు కాపాడినాడు."

"స్తోత్రం!" అన్నారందరూ.

నేర్పిన మూడో ముక్క నాలుక చివరే ఉంది. పాప నిద్రలో స్వప్న కొంగు పట్టుకుంది.

"నడవలేని ముసలామె నోట 'పో' అనిపించి కాపాడినాడు. ఆమెను పైన ఇడ్సిపెట్టి నేను కిందికొచ్చినాను. ఆమె సచ్చిపోయింది. నేను మల్లా ఆడికి పోను, అయ్యగారూ."

ఎవరూ స్తోత్రం అనలేదు. సుధాకర్ లేచి నవ్వబోయాడు. "ఆయమ్మకు ఇంగా బయం పోలేదు అయ్యగారూ. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన సెయ్యండి."

స్వప్న పాపను భుజాన వేసుకుని నిలబడింది. ఆరాధన మధ్యలో ఆడవాళ్ళ చాపల మీద నుంచి ఎవరూ అలా లేచి మాట్లాడిన దాఖలా లేదు.

"అక్కా, ఆ పొద్దు బావకు ఫోన్ సేసినావా?"

"సేసినాను. పైకి పోయి సూసి దిగినాక, మెట్ల కిందనే, ఆ దుమ్ములోనే. ముసలామె పాయె, నేను కిందికి దిగినాను కాబట్టి బతికినాను అని సెప్పినాను."

"ఏమనినాడు?"

ప్రేమలత సుధాకర్ వైపు చూసింది. అతను తల వంచుకుని నేలను చూస్తున్నాడు. ఈ ఇంట్లో అన్న మాటలు ఎన్నో ఆమె మింగింది, మరచిపోయింది కూడా. ఇది ఒక్కటి మింగుడు పడలేదు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని చెప్పింది.

"నువ్వెందుకు దిగినావు, అనినాడు."