ఒండ్రులో ఆగిన సర్వే పడవ

అమీర్‌బీకి నీళ్లంటే భయం. అయినా నంద్యాల స్టేషన్ దగ్గర నడుపుకుంటున్న చిన్న మెస్సు మూతపడ్డాక, శ్రీశైలం జలాశయం లోతు కొలిచే సర్వే పడవలో వంటమనిషి కావాలంటే ఒప్పుకుంది. నందికొట్కూరు అవతల కృష్ణ వెనకజలాల్లో పడవ ఎక్కిన రోజు, రెయిలింగు పట్టుకుని కళ్లు మూసుకునే ఎక్కింది.

ముందు డ్రైవరు ప్రభుదాసు, నడుమ గదిలో యంత్రాలు, వెనక వంట. సర్వేకు పెద్ద ప్రసన్నకుమారి, ఆళ్లగడ్డ మనిషి. పడవ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గీత గీసినట్టు పోయేది, మళ్లీ కొంచెం పక్కగా వెనక్కి వచ్చేది, మడక దున్నినట్టు. అడుగున బిగించిన యంత్రం నీళ్లలోకి శబ్దం పంపితే, అది తిరిగొచ్చిన తీరును బట్టి తెర మీద లోతు కనిపించేది. ప్రసన్నకుమారి ఆ తెర ముందే కూర్చుని తినేది. రాత్రి ఆడవాళ్లిద్దరూ ఆ గదిలోనే పడుకునేవాళ్లు గానీ, పెద్దగా మాటలుండేవి కావు.

ఒక మధ్యాహ్నం ప్రసన్నకుమారి నీళ్ల కోసం వెనక్కి వచ్చింది. అమీర్‌బీ పడమరకు మొహం పెట్టి నమాజు చేస్తోంది. అంతలో గీత అయిపోయి పడవ తిరిగింది. నమాజు ముగిసేసరికి ఆమె మొహం తూర్పు వైపుంది. ప్రార్థన వేళ తలుపు చప్పుడు కూడా కానియ్యని ఇంట్లో పెరిగిన ప్రసన్నకుమారికి అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

మర్నాడు అదే వేళకు, నమాజు ముగిసేదాకా పడవ తిప్పొద్దని, గీత దాటి ఇంకొంచెం ముందుకు పోనిమ్మని ప్రభుదాసుకు చెప్పింది. ముందు లోతు తక్కువ ఉండొచ్చని అతను సందేహించాడు. నెమ్మదిగా పోనిమ్మంది. తెర మీద ఉండాల్సిన ఆమె చూపు వెనక తలుపు మీద ఉంది. పడవ అడుగు దేన్నో మెత్తగా రాసుకుని ఆగిపోయింది. ఒండ్రు. ఇంజను వెనక్కి తిప్పితే బురద సుడులుగా లేచిందే తప్ప పడవ కదల్లేదు. గడలతో నెట్టినా అంతే.

ప్రసన్నకుమారి ఆఫీసుకు ఫోన్ చేసింది. తాను చెప్తేనే పడవ గీత దాటిందని చెప్పింది. పై అధికారి గట్టిగా మందలించి, మిగతా పనికి ఇంకొకరిని పంపాలేమో చూస్తానన్నాడు.

అసలు సంగతి ప్రభుదాసు వల్ల తెలిసి అమీర్‌బీ గదిలోకి వచ్చింది.

"నాకోసరం పడవ ఇంత దూరం తెచ్చినావంట, నిజమేనా మేడమ్మా?"

ప్రసన్నకుమారి తల ఊపింది.

"పడవ తిరిగితే నమాజు యాడికీ పోదు. తిరిగేదానికైతే మనమూ తిరుగుతాం, కాకుంటే అల్లా చూసుకుంటాడు. నన్నడిగింటే చెప్పేదాన్ని గదా."

"అడిగితే ఏమనుకుంటావో అనుకున్యా అక్కా."

"దినామూ పక్కపక్కన పండుకుంటాండాం. అడిగేదానికేముంది?"

అమీర్‌బీ నమాజు గురించి ప్రసన్నకుమారి ఒక రోజంతా ఆలోచించింది గానీ, ఆమెతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలని తోచలేదు. ఆ సాయంత్రం కంచం తీసుకుని పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. నీళ్లంటే భయమున్న మనిషి ఈ పనికెందుకొచ్చిందో అడిగింది. అమీర్‌బీ చాలాసేపు చెప్పింది.

పొద్దున చేపల మరబోట్లు రెండొచ్చి తాళ్లు కట్టి పడవను లోతు నీళ్లలోకి లాగాయి. ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. పని మాత్రం వెనకబడింది.

ఆ తర్వాత ఒకరోజు అమీర్‌బీ తెర దగ్గరికొచ్చి నిలబడింది.

"మన కింద ఏముందో సూపిస్తావా?"

ప్రసన్నకుమారి జరిగి చోటిచ్చింది. తెర మీద నేల మెల్లగా వాలుతూ పోయి, ఒక్కసారిగా లోతుకు దిగింది. అది పాత కృష్ణ పారిన దారి అని చెప్పింది.

"ఇంత లోతు మింద నేను చారు కాస్తాండానా," అంది అమీర్‌బీ. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది గానీ లేవలేదు. ఆ దారి ఎంత దూరం పోతుందో చూపించమంది.