ఎడమచేతి మాట

ఫోన్ మోగినప్పుడు ఫణి పెరుగన్నం తింటున్నాడు, కుడిచేత్తో. అతను బంతి విసిరేది ఎడమచేత్తో. కానీ అన్నం దగ్గర, పెన్ను దగ్గర, ఎవరికైనా ఏదైనా అందించే దగ్గర ఆ చెయ్యి ముందుకు రాకూడదని వాళ్ళమ్మ వసంతలక్ష్మి చిన్నప్పుడే అలవాటు చేసింది. అందుకని కుడిచెయ్యి కంచంలోనే ఉంచి, ఫోన్ ఎడమచేత్తో అందుకున్నాడు.

అవతల డగ్. బేస్‌బాల్ క్లబ్బు తరఫున ఆర్కన్సా రాష్ట్రమంతా తిరిగి కాలేజీ కుర్రాళ్ళ ఆట చూసే స్కౌట్. ఫణి ఎక్కడ బంతి వేసినా వల వెనక డగ్ టోపీ కనబడుతూనే ఉండేది. క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ రెండో రోజు నడుస్తోందని, ఆరో రౌండ్‌లో తమ వంతు రాబోతోందని డగ్ చెప్పాడు. ఇంత ఇస్తామన్నాడు. ఈ మొత్తానికి సంతకం పెడతావా, కాలేజీకే తిరిగి వెళ్తావా అని అడిగాడు. పెడతానంటేనే పేరు పిలుస్తారు. లేదంటే వాళ్ళ దృష్టిలో ఫణిలాగే బంతి విసిరే పిచ్చర్ ఇంకొకడు ఉన్నాడు.

ఫణి పెడతానన్నాడు. కంచం ఖాళీ అయ్యేలోపే టీవీలో అతని పేరు వచ్చింది. చదివినాయన ‘ఫన్నీ’ అన్నాడు. వసంతలక్ష్మి ముందు ఆయన్ని తిట్టింది, తర్వాత ఏడ్చింది.

గురువారం అరిజోనా రమ్మన్నారు. వైద్య పరీక్షలు, సంతకం, ఆ వెంటనే ఆట. ఈ వేసవి ఆటల్లో ఒక పిచ్చర్‌కి చోటుంది, ముందు వచ్చినవాడికే అది. ఆలస్యమైతే మళ్ళీ వచ్చే ఏడాదే. ఏడాది ఆగాల్సిన పని తనకు లేదని ఫణికి తెలుసు. తన బంతి ఏ స్థాయి వాళ్ళను అవుట్ చేస్తుందో కూడా తెలుసు.

సాయంత్రం తండ్రి వీరభద్రం ఆఫీసు నుంచి వస్తూ కృష్ణమూర్తిని వెంటబెట్టుకొచ్చాడు. బెంటన్‌విల్ తెలుగువాళ్ళలో ఎవరికి ఉద్యోగం వచ్చినా జీతం మాట్లాడే ముందు కృష్ణమూర్తికి ఫోన్ చేస్తారు. ఆయన సోఫాలో కూర్చుని, టీ తీసుకుని, మొదటి ఆఫర్ ఒప్పుకున్నవాడు బాగుపడగా తను చూడలేదన్నాడు. ఇంకా ఎక్కువ అడుగుతూ కౌంటర్ ఇవ్వాలన్నాడు.

డ్రాఫ్ట్‌లో పేరు పిలిచిన క్లబ్బుకే హక్కు ఉంటుందని, ఇప్పుడు ఇంకో క్లబ్బు తనతో మాట్లాడకూడదని ఫణి చెప్పాడు.

“కాలేజీ ఉందిగా! డిగ్రీకి ఇంకా ఏడాది ఉంది. అదే నీ రెండో ఆఫర్,” అన్నాడు కృష్ణమూర్తి.

అందులో తప్పేమీ లేదు. అలా బేరం చేసినవాళ్ళు ఫణికి తెలుసు. వీరభద్రానికీ ఆ మాట నచ్చింది. సంతకానికి గడువు నెలాఖరు దాకా ఉంది కాబట్టి ఫోన్ ఎత్తకుండా కూర్చుంటే వాళ్ళే దిగొస్తారన్నాడు. నేపర్‌విల్ నుంచి ఈ ఊళ్ళో ఉద్యోగానికి మారినప్పుడు తను చేసింది అదే.

“నేను ఎస్ చెప్పాను నాన్నా.”

“ఫోన్‌లో చెప్పావు. సంతకం పెట్టావా?”

“లేదు.”

“మరింకేం! వెర్బల్‌కి లెక్కేముందిరా? మా దగ్గర పొద్దున ఓకే అన్నవాడు సాయంత్రానికి ఇంకో చోట జాయిన్ అవుతాడు. ఎవరూ ఏమీ అనుకోరు.”

చెప్పదలుచుకున్నది ఫణికి ఇంగ్లీషులో తయారుగా ఉంది. తెలుగులో చెప్పాలనుకున్నాడు.

“నేను ఎస్ అన్నాను కాబట్టి నా పేరు చదివారు. ఇంకో పిచ్చర్ ఉన్నాడు కదా, అతని పేరు చదవలేదు. ఇప్పుడు నేను ఆగితే, అబద్ధం చెప్పి అతని ప్లేస్ తీస్కున్నట్టు.”

“ఆ అబ్బాయి నీకు తెలుసా?” అని అడిగాడు కృష్ణమూర్తి.

“తెలీదు అంకుల్.”

కృష్ణమూర్తి కప్పులోకి చూసుకున్నాడు. ఆటల లైన్ తనకు అంతగా తెలియదని ఒప్పుకుని, టీ బాగుందని చెప్పి లేచాడు. ఆయన్ని కారు దాకా దిగబెట్టి వచ్చిన వీరభద్రం కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా కూర్చున్నాడు.

“పైదాకా, పెద్ద లీగ్ దాకా వెళ్తాననుకుంటున్నావా?”

“వెళ్తాను.”

రేపు వాన వస్తుందా అని అడిగితే రాదని చెప్పినట్టు చెప్పాడు.

“మరి డిగ్రీ?”

“ఫీజు క్లబ్బే కడుతుంది, కాంట్రాక్ట్‌లో పెడతారు. వింటర్‌లో ఆట ఉండదు, అప్పుడు చదువుతా.”

“సరే. వల వెనక కూర్చునే డగ్‌కి ఫోన్‌లో చెప్పిన మాట మీదే ఇంత పట్టుగా నిలబడ్డావు. ఈ డిగ్రీ మాట కూడా మీ అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పు. గురువారం నేనే ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేస్తా.”

వసంతలక్ష్మి స్టవ్ కట్టేసి వచ్చింది. ఫణి కుడిచెయ్యి చాచాడు.

“అది కాదు,” అన్నాడు వీరభద్రం. “ఆ చెయ్యి.”

“ఎడం చెయ్యేంటండీ, మాటిచ్చేటప్పుడు?”

“కుడిచెయ్యి నువ్వు నేర్పింది. వాడు బతకబోయేది ఆ చేత్తో. దాంతోనే ఇవ్వనీ.”

ఆమె ఆ చేతి వంక చూసింది. చూపుడువేలి కొసనా, మధ్యవేలి కొసనా బంతి కుట్లు రాసుకుని కాయలు కాశాయి. కంచం దగ్గర ఆ చేతిని ఎన్నోసార్లు పక్కకు నెట్టింది కానీ, ఆ కాయల్ని చూడ్డం ఇదే మొదలు. అరచెయ్యి చాచింది. ఫణి ఎడమచెయ్యి అందులో వేశాడు.

“డిగ్రీ పూర్తి చేస్తా అమ్మా.”

“చేస్తావులే,” అంది. చెయ్యి మాత్రం కాసేపటి దాకా వదల్లేదు.

గురువారం అరిజోనాలో డాక్టర్లు అతని భుజాన్నీ మోచేతినీ ఫొటోలు తీసి, అంతా బాగుందని తేల్చారు. ఆఫీసు గదిలో కాగితాలు ముందు పెట్టారు. ఫణి పెన్ను కుడిచేత్తో తీసుకుని సంతకం చేశాడు. పక్కన నిలబడ్డ డగ్ కాగితం వైపు చూశాడు, మళ్ళీ చేతి వైపు చూశాడు. ఇన్నాళ్ళూ చూస్తున్నా ఈ సంగతి తన కంట పడలేదన్నాడు.

“రాయడం మా అమ్మ నేర్పింది,” అని ఫణి పెన్ను తిరిగి ఇచ్చేశాడు. బంతులు వేసేది ఎక్కడని అడిగాడు. డగ్ తలుపు వైపు చూపించాడు. ఫణి కుడిచేతికి గ్లవ్ తొడుక్కుంటూ ఎండలోకి నడిచాడు.