సత్తేచాళీస్

ఉత్తరం వచ్చేసరికి మార్కండేయ ఫ్లాస్కు అడుగున అంటిన నల్లటి మడ్డిని చెంచాతో గీకుతున్నాడు.

"బొంబయిది సార్. మూడు ముద్రలు గుద్దిన్రు. పెద్ద ముచ్చటే ఉన్నట్టుంది," అని ప్యూను నందకిషోర్ కవరు బల్ల మీద పెట్టి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. దీపావళి సెలవులు. టపా పంచేసి ఇంటికి పోవాలని అతని తొందర.

మార్కండేయ చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆమ్లాలు తగిలి అతని వేళ్ల చివరలు పసుపు దంచినట్టు ఉంటాయి. ఎంత కడిగినా అంతే. కవరు అంచును బ్లేడుతో కోసి, కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

మీరు పంపిన మూడింటిలో అరవై, డెబ్బై నంబర్లకు ప్రభావం లేదు. డెబ్బై నాలుగో నంబరు పదార్థం, రక్తపు క్యాన్సర్ ఎక్కించిన ఎలుకల్లో మంచి ఫలితం చూపింది. మందు పడని ఎలుకలు చనిపోయిన తర్వాత కూడా, పడినవి చాలా రోజులు బతికాయి. తర్వాతి పరీక్షలకు ఐదు గ్రాములు త్వరగా పంపగలరు.

మూడోసారి చదివేటప్పుడు అతనికి నవ్వొచ్చింది. నాందేడ్ కాలేజీలో అతను కెమిస్ట్రీ ప్రయోగాలు చేయించే డిమాన్‌స్ట్రేటరు, వయసు యాభై ఒకటి. విద్యార్థులు వెళ్లిపోయాక, పదకొండేళ్లుగా ఈ గదిలో ఎనభై ఒక్క పదార్థాలు చేశాడు. వీలైనప్పుడల్లా కొన్ని బొంబాయి క్యాన్సర్ పరిశోధనశాలకు పంపేవాడు. ప్రతిసారీ ఒకే వాక్యం తిరిగొచ్చేది: ప్రభావం లేదు.

ఎవరికైనా చెప్పాలనిపించి వరండాలోకి వచ్చాడు. పొడవాటి వరండా, పదకొండు గదులు, పదకొండు తాళాలు. పెద్ద ప్రొఫెసరు ఔరంగాబాదులో ఉన్నాడు. తను భోజనం చేసే ఖానావళిలో ఇందుబాయికి చెప్పవచ్చు. చెబితే ఆమె, "బరే జాలే, మంచిదే. రెండు జొన్న భాకరీలా, మూడా?" అంటుంది. గదికి పోతే అక్కడ ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు తల్లి ఫొటో. మార్కండేయ కాసేపు ఎండలో నిలబడ్డాడు. కార్తీకపు ఎండ మెడ మీద వెచ్చగా, హాయిగా ఉంది. లోపలికి వచ్చి డెబ్బై నాలుగు ఎలా చేశాడో చూద్దామని నోటుబుక్కు తీశాడు.

తన చేతిరాతే. "74. నల్లని జిగురు. గడ్డకట్టలేదు. పారబోశాను."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. పారబోసిన దాన్ని బొంబాయికి ఎలా పంపుతాడు? డెబ్బై నాలుగు కాకపోతే ఎలుకలను బతికించింది ఏది? అల్మారాలో ఎనభై సీసాలు. వాటిలో సగం పసుపు పొడులే, ఒకదాని పక్కన ఒకటి, అక్కచెల్లెళ్లలా. ఏదో తెలియకపోతే ఐదు గ్రాములు దేనివి పంపాలి? అన్నీ మళ్లీ పంపి, మళ్లీ పరీక్షించమంటే బొంబాయి వాళ్లు ఈ కాలేజీ పేరు చూసి నవ్వుతారు.

తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

"ఏంది సారూ, మొకం గట్ల పెట్టిన్రు? నేను పోతున్ననని గదా?"

జనాబాయి. పదిహేనేళ్లుగా ఈ గదిలో సీసాలు కడిగిన మనిషి. ఇవాళ్టితో ఆమె నౌకరీ అయిపోయింది. ఐదు గంటల బస్సుకు ముఖేడ్‌లో ఉన్న తమ్ముడు భోజన్న ఇంటికి పోతోంది, ఇక అక్కడే ఉండటానికి. ఆకుపచ్చ కొత్త చీర కట్టింది. మడత గీతలు ఇంకా పోలేదు.

"పోతె పోతవు. ఫ్లాస్కులు ఎవరు కడుగుతరా అని చూస్తున్న," అన్నాడు.

"అట్లనుండ్రి. పదిహేనేండ్లల్ల ఒక్కటి పలగ్గొట్టలే."

"రెండు."

"ఒకటి పిల్లి," అని ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపి, అలవాటుగా తొట్టి దగ్గరికి వెళ్లింది. "ఇయ్యాల దఫ్తర్ల సంతకం పెట్టిన సారూ. క్లర్కు సిరా డబ్బీ ముందట పెట్టిండు అంగుటా ముద్ర ఎయ్యనీకి. నేను పక్కకు నూకి పెన్ను అడిగిన."

బిలోలి వైపు పల్లెలో తెలుగు ఇంట పుట్టింది జనాబాయి. తెలుగులో ఇరవై దాకే లెక్క వచ్చు, ఆ పైన ఇరవైలు పేర్చుకుంటూ పోయేది. నలభై దాటాక రాత్రి బడికి పోయి మరాఠీలో అంకెలు నేర్చుకుంది. ఇంటి దగ్గర రాసిన పలకను పొద్దున్నే మార్కండేయకు తెచ్చి చూపించేది. తప్పులు దిద్దింది అతనే.

అతనికి ఆ మూడూ బొంబాయికి పార్శిల్ కట్టిన రోజు గుర్తొచ్చింది. చలిజ్వరంతో దుప్పటి కప్పుకుని ఇదే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ దినం బొంబయి చీట్లు నువ్వే రాసినవు కదా?"

"అవ్. మీకు చెయ్యి వణుకుతుండె. మీరు సీసలు చూసి చెప్పిన్రు, నేను రాసిన. గవి చూసే మీరు ఫారం నింపిన్రు." ఆమె తల పక్కకు తిప్పి చూసింది. "ఏం, మంచిగ రాయలేనా?"

మార్కండేయ ఒక చీటీ, పెన్సిలు ముందుకు జరిపాడు. "ఒకటి రాయి. సాఠ్."

ఆమె చెయ్యి తుడుచుకుని రాసింది. అరవై.

"సత్తర్."

డెబ్బై. పెన్సిలు మొనను నాలుకకు తాకించి, గుండ్రంగా, అందంగా రాసింది.

"చౌర్యాహత్తర్."

డెబ్బై నాలుగు అని అర్థం. కానీ మరాఠీలో ముందు నాలుగు వినబడుతుంది, ఆ వెనక డెబ్బై. జనాబాయి ఏది ముందు వినబడితే దాన్ని ముందు రాసింది. నాలుగు. దాని పక్కన ఏడు.

చీటీ మీద నలభై ఏడు.

మార్కండేయ లేచి అల్మారా తెరిచాడు. అరవైకీ డెబ్బైకీ తిరగబడే వీలు లేదు. మిగిలింది ఒక్కటే. నలభై ఏడో సీసాను దీపానికి ఎత్తినట్టు కిటికీకి ఎత్తి చూశాడు. ఖాళీ. అడుగున చిటికెడు పసుపు సూదులు మాత్రం ఎండకు తళుక్కుమన్నాయి. ఆ రోజు మిగతాదంతా పొట్లం కట్టి పంపింది తనే. "సత్తేచాళీస్" అని పైకి చెప్పిందీ తనే. అందులో ముందు వినబడే ఏడును ఆమె ముందు రాసింది, అది డెబ్బై నాలుగైంది.

"తప్పా సారూ?"

పెన్సిలు పట్టుకున్న ఆమె చెయ్యి చీటీ మీదే ఆగిపోయింది. పొద్దున పెన్ను అడిగి తీసుకున్న చెయ్యి.

"కాదు," అన్నాడు. "మంచిగనే రాసినవు. బొంబయికెల్లి ఉత్తరం అచ్చింది. మన మందుతోని ఎలుకలు బతికినయంట."

ఆమె అక్క శివవ్వ ఛాతీలో గడ్డతో పోయిందని అతనికి తెలుసు. పదేళ్ల కింద ఒకసారి చెప్పింది, మళ్లీ చెప్పలేదు.

"మన్‌షికి?" అంది.

"అది ఇంక శానా దూరం."

"ఉండనీయుండ్రి. తొవ్వ దొరికింది కదా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బస్సుకు ఇంక శానా యాళ్లున్నది. బర్ఫ్ తేవాల్నా?"

ఊక కప్పిన గోనెసంచిలో ఆమె మంచుగడ్డ తెచ్చేలోగా అతను నలభై ఏడును మళ్లీ చేయడానికి తెల్లటి పొడి తూచి స్పిరిట్‌లో కరిగించాడు. దానికి రెండో ద్రవం కలిపి, పైన క్షారం చుక్కచుక్కగా వేశాడు. జనాబాయి గాజు కడ్డీతో కలిపింది. రంగు మారడం ఇద్దరూ వంగి చూశారు. నీళ్లలాంటిది గడ్డిరంగుకు, గడ్డిరంగు బంతిపువ్వు రంగుకు వచ్చింది. ఎన్నిసార్లు చూసినా మార్కండేయకు ఆ క్షణం పండగలాగే ఉంటుంది. మూడింటికి మంచు మీద పోస్తే పసుపు ముద్ద తేలింది. వడగట్టారు. నాలుగింటికి దాన్ని వేడి స్పిరిట్‌లో కరిగించి, ఫ్లాస్కును కిటికీ గట్టు మీద పెట్టారు.

"పూత అచ్చేదాంక ఉందునుగని, బస్సు పోతది," అంది జనాబాయి. స్ఫటికాలను ఆమె పూత అంటుంది, పత్తి చేనుకు అన్నట్టు. ఎప్పుడూ మొదట చూసేది ఆమే.

"చీటీ రాసి పో," అన్నాడు మార్కండేయ.

"ఎంత?"

"సత్తేచాళీస్."

ఆమె పెన్సిలు తడుపుకుని శ్రద్ధగా రాసింది. అతను ఆ చీటీని దారంతో ఫ్లాస్కు మెడకు కట్టాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి, తడిగుడ్డ పిండి స్టూలు మీద మడతేసింది.

"పోయొస్త సారూ. యాళ్లకు తినుండ్రి."

అతను చెప్పాలనుకున్నది వేరే. "తొవ్వల పైలం," అన్నాడు.

వరండా చివరిదాకా గాజుల చప్పుడు వినబడి, ఆగిపోయింది.

మార్కండేయ బొంబాయికి ఉత్తరం రాశాడు. చీటీ మీద అంకెలు తారుమారయ్యాయి, పొరపాటు పూర్తిగా నాది, ఆ పదార్థం నంబరు నలభై ఏడు. సంతకం చేసి ఫ్లాస్కు వైపు చూశాడు. అడుగున నూనెలాంటి జిడ్డు దిగింది. గడ్డకట్టకుండా ఇలాగే ఉంటే ఇదీ పారబోయాల్సిందే. పాత సీసాలోంచి ఒక్క సూదిని కడ్డీ కొనతో తీసి అందులో జారవిడిచాడు. గాజు లోపలి గోడను మెల్లగా గీకాడు. ఆగాడు. మళ్లీ గీకాడు. బయట పిల్లలు ఎక్కడో ఒక టపాకాయ కాల్చారు. ఐదు గంటల బస్సు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది.

పొద్దు వాలుతుండగా గాజు గోడ మీద సన్నటి మెరుపు ఒకటి లేచింది. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే పసుపు సూదులు విసనకర్రలా విచ్చుకున్నాయి.

"పూత అచ్చింది, జనా..." అని వెనక్కి తిరిగాడు. స్టూలు మీద గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

కాసేపటికి ఆ గదికే చెప్పినట్టు, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "రేపు పొద్దుగాల వడగడదం. ఆరినంక తూకం జోకి పార్శిల్ కడదం."

కిటికీ గట్టు మీద ఫ్లాస్కు, దాని మెడకు దారంతో కట్టిన చీటీ, చీటీ మీద గుండ్రంగా, అందంగా ఏడు, దాని పక్కన నాలుగు.