పరిశీలించినవారి సంతకం

"ఊరికే ఒకసారి చూసి పెట్టు, అచ్చుతప్పులు ఉంటాయేమో" అంటూ ఆయన నూట నలభై పేజీల రిపోర్టును పొయ్యి పక్కన, తడి లేని చోటు వెతికి మరీ పెట్టి వెళ్లాడు. ఆమె కూరగాయలు తరిగిన చేతులు తుడుచుకుని దాన్ని అక్కడినుంచి తీసి అలమర మీద పెట్టింది. ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు వెతకవచ్చు. తను రాసినదాన్నే తనకిచ్చి ఊరికే చూడమంటే ఏం చూస్తుంది?

ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నారు. మార్కులు ఆమెకే ఎక్కువ వచ్చాయి. పెళ్లయ్యాక ఇంటి ముందు గదిలో కన్సల్టెన్సీ తెరిచారు. ఏ కొండ మీద పడ్డ వాన ఏ వాగులో దిగుతుంది, దాన్ని ఎక్కడ ఆపితే మట్టి కొట్టుకుపోకుండా నీళ్లు నేలలోకి ఇంకుతాయి, ఎక్కడ చెట్లు పెట్టాలి అని చూసి చెప్పే పని. బోర్డు మీద రెండు పేర్లు పట్టవని పెయింటర్ అన్నాడట, ఒక్కటే పట్టింది. పాప పుట్టాక "నువ్వు ఇంట్లోంచే చెయ్యొచ్చుగా, మన మధ్య ఏముంది" అన్నాడు ఆయన. మ్యాపులు ఆమె గీసింది, మీటింగులకు ఆయన వెళ్లాడు. పన్నెండేళ్లు అలాగే గడిచాయి. ప్రతి రిపోర్టు చివర 'సహకరించిన కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు' అనే వాక్యాన్ని కూడా ఆమే టైపు చేసుకునేది. "కూర్చుని చేసే పనికి ఇంత నీరసమేమిటమ్మా" అని అత్తగారు ఆశ్చర్యపోయేవారు. అది ఎత్తిపొడుపు కూడా కాదు, ఆవిడకు నిజంగానే అర్థమయ్యేది కాదు. విడమరిచి చెప్పే ఓపిక ఈమెకు ఉండేది కాదు.

కిందటి నెల ఆయనకు నడుం పట్టేసింది. దాంతో కొండల్లో సర్వేకి ఆమె వెళ్లాల్సి వచ్చింది. రెండు రోజులు వాగు వెంబడి నడిచింది. మూడో చెక్‌డ్యామ్ కట్టాలనుకున్న మలుపు దగ్గర మేకలు కాచుకునే ముసలావిడ ఒకామె కనిపించి, బండ మీద తన భుజం ఎత్తున అరచెయ్యి ఆనించింది. "నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయమ్మా. రెండుసార్లు చూశాను" అంది. గట్టు మట్టిని పిడికిట్లోకి తీసుకుంటే పిండిలా రాలిపోయింది. కిందనే పద్నాలుగు ఇళ్లు. అక్కడ అడ్డుకట్ట వేస్తే పెద్ద వానకు నీళ్లు పక్కకు తిరిగి గట్టును కోసుకుంటూ ఆ ఇళ్ల మీదికే వస్తాయి. కట్టను వాగు పైకి, రాతి నేల ఉన్న చోటికి జరపాలని ఆమె రిపోర్టులో రాసింది.

రిపోర్టు చూడమని పెట్టి వెళ్లిన రోజు సాయంత్రమే ఆయన వచ్చి ఆ పేరా తీసెయ్యమన్నాడు. మలుపు రోడ్డు పక్కనే ఉంది, చూడటానికి వచ్చేవాళ్లకు కారు దిగగానే కట్ట కనబడాలని, పని ఇచ్చిన ఆఫీసులోని పెద్ద ఇంజినీరు కోరికట. కాదంటే వచ్చే ఏడు పని వేరేవాళ్లకు పోతుందట.

"కింద ఇళ్లున్నాయి" అంది ఆమె.

"నీకు అన్నిటికీ భయమే. నాకు వదిలెయ్."

పేరా ఆయనే తీసేశాడు. ఆ తర్వాత ఒక కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. స్థలం స్వయంగా చూసినవారు సంతకం పెట్టాల్సిన పత్రం. వెళ్లింది ఆమె కాబట్టి ఆయన పెడితే చెల్లదు. 'ప్రతిపాదించిన స్థలాలు అన్నీ అనుకూలంగా ఉన్నాయి' అని పైన అచ్చువేసి ఉంది. "ఇక్కడ పెట్టి, అన్నీ కలిపి రేపు కొరియర్‌లో వేసెయ్" అని చెప్పి టీవీ ముందుకు వెళ్లాడు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయి. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. ఇన్నేళ్లకు తన పేరు ఒకరికి కావలసి వచ్చింది, అదీ ఇందుకు. అచ్చువేసిన వాక్యంలో 'అన్నీ' అన్న మాట కొట్టేసి, దాని మీద 'మూడోది తప్ప' అని రాసింది. కారణం వెనక పేజీలో నాలుగు వాక్యాల్లో రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టింది. మర్నాడు కొరియర్‌లో వేసింది.

ఐదో రోజున ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. సంతకం పెట్టినావిడనే మీటింగుకు రమ్మన్నారు. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, తనూ వెంట వచ్చి మీటింగులో పక్కన కూర్చున్నాడు. పెద్ద ఇంజినీరు కాగితం తిరగేసి, "మీరు సార్ గారి..." అని, మిగతాది ఆమె పూర్తిచేస్తుందని ఆగాడు.

"ఆ వాగు నడిచి చూసింది నేనండి" అంది ఆమె, మ్యాపు విప్పుతూ.

గంటసేపు మాట్లాడింది. రాతలో వచ్చిన అభ్యంతరాన్ని ఫైల్లోంచి తీసెయ్యడం కుదరదని అక్కడి గుమాస్తా మెల్లగా అన్నాడు. పెద్ద ఇంజినీరు అయిష్టంగానే కట్టను పైకి జరపమని రాశాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఆయనే నడిపాడు. ఇంటి సందు మలుపు తిరిగాక అన్నాడు.

"ఆ మాటేదో ఇంట్లోనే చెప్పొచ్చుగా."

"చెప్పాను కదండీ, పన్నెండేళ్లు" అంది ఆమె. "ఇక ఇంట్లో చెప్పను."