ఎవరి తాళం వాళ్లే తీయాలి

టికెట్ కౌంటర్ మీది గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండింటికి తాళం కోస్తారు.

ఎలుగమ్మ రెండు టికెట్లు తీసుకుంది. పదకొండేళ్లు ఈ జూలో పనిచేసిన మనిషి టికెట్ కొనుక్కుని లోపలికి రావడం ఇదే మొదటిసారి. ఎలుగుబంట్ల బాధ్యత ఆమెది కాబట్టి తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. ఒక తాళం తీయనన్నందుకు నాలుగు రోజుల క్రితం మేనేజర్ ఆమెను సస్పెండ్ చేసి, గుర్తింపు కార్డు తీసుకుని సొరుగులో వేసుకున్నాడు.

"ఇన్నేళ్లకి కోడలు నన్ను జూకి తీసుకొచ్చింది. అదీ ఉద్యోగం ఊడే రోజున," అంది పక్కనున్న అత్తయ్య.

"నేనెక్కడ తీసుకొచ్చానత్తయ్యా? బస్సు నాకంటే ముందు మీరే ఎక్కారు."

"ఎక్కకేం చెయ్యను? ఒక్కదానివే వెళ్తే నోరు చేసుకుంటావు. అది కూడా నీకు సరిగ్గా చేతకాదు. సగంలో ఆగిపోతావు."

లోపల తిరిగే బస్సు కదిలింది. ఈ జూలో కటకటాలు లేవు. జింకల మైదానానికీ బస్సుకీ మధ్య గడ్డి తప్ప మరేమీ లేనట్టుంటుంది. ఆ గడ్డి వెనకే నిలువెత్తు కందకం ఉంటుంది. కొండలు, గుహలు, వాగులు అన్నీ మనుషులు కట్టినవే అయినా ఎక్కడా కట్టినట్టు తెలియదు. జంతువుకి బుద్ధి పుడితే కనిపిస్తుంది, లేకపోతే చెట్ల వెనక్కి పోతుంది.

"పులి ఏదీ?" అంది అత్తయ్య.

"ఆ వెదురు వెనకాల పడుకుని ఉంటుంది."

"ఉంటుందంటే? డబ్బులు పుచ్చుకుని పొదలు చూపిస్తారా? మా పెరట్లో లేవూ పొదలు?"

ఎలుగమ్మకు నవ్వు రాలేదు. పొద్దున ఫిట్టర్ చేసిన ఫోనే చెవిలో తిరుగుతోంది. "అక్కా, పదకొండింటికి కట్టర్ పట్టుకుని రమ్మన్నారు. నీ తాళం కోయమంటున్నారు. నేనేం చెయ్యను?"

అసలు సంగతి ఇది. ఎలుగు కొండ మీద రెండు ఎలుగుబంట్లు ఉండేవి. పదకొండు రోజుల కిందట ఆడది బండల గుహలోకి దూరి మళ్లీ బయటికి రాలేదు. తిండి పెడితే ముట్టలేదు. గుహకి వెనకవైపున్న సిమెంటు గోడకి చెవి ఆనిస్తే, పక్కింట్లో కుట్టుమిషను నడుస్తున్నట్టు సన్నటి చప్పుడు వచ్చింది. అది పాలు తాగుతున్న ఎలుగు పిల్లల చప్పుడు. పదకొండేళ్లలో రెండుసార్లు విన్నది కాబట్టి ఆమె పొరపడే అవకాశం లేదు. వెంటనే మగదాన్ని వెనకున్న గదిలోకి పిలిచి, మధ్య తలుపు దించేసి, తలుపు కడ్డీకి తన తాళం వేసింది. మగ ఎలుగు గుహ వాసన పట్టిందంటే పిల్లలు మిగలవు. తండ్రే అయినా మిగలనివ్వదు.

జూలో తాళానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి తాళం వాళ్లు సొంతంగా కొనుక్కుంటారు. దాని మీద ఎర్ర బిళ్ల, బిళ్ల మీద ఆ మనిషి నంబరు ఉంటాయి. ఆ తాళం వేలాడుతున్నంతసేపూ ఆ తలుపు జోలికి ఎవరూ పోరు. వేసిన మనిషే వచ్చి తీయాలి. సెలవులో ఉన్నా, జ్వరంతో ఉన్నా సరే. ఎప్పుడో ఒకరు మరొకరి తలుపు తెరిచినప్పుడు లోపలున్న మనిషి తిరిగి రాలేదు. అప్పుడు పుట్టిన పద్ధతి అది.

"ఎలుగు కొండ!" అని అరిచాడు డ్రైవరు. పదీ నలభై అయింది.

కొండకి ఎదురుగా పెద్ద అద్దాల వరండా కట్టారు. అక్కడ రెండు వందల మంది దాకా ఉన్నారు. కొండ మీద మాత్రం ఈగ కూడా లేదు. కొత్త బోర్డొకటి నిలబెట్టారు: 'ఈ రోజు పదకొండున్నరకు ఎలుగుబంటి మీ ముందుకు వస్తుంది.'

"ఎట్లా వస్తుంది?" అంది అత్తయ్య, బోర్డు చదివి.

"మగదాన్ని వదులుతారు."

అత్తయ్య మొహం మారిపోయింది. "పద," అంది.

వరండా చివర నల్లటి బండ ఉంది. ఎలుగమ్మ దాని పక్కనున్న వేరు పట్టుకుని లాగింది. బండ వాకిలిలా తెరుచుకుంది.

"ఇదీ ఉత్తుత్తిదేనా?" అంటూ అత్తయ్య బండని ఒకసారి కొట్టి చూసి లోపలికి నడిచింది.

బయట ఉన్న అడవంతా లోపల ఒక్క అడుగులో మాయమైపోతుంది. ట్యూబ్‌లైట్లు, తడి నేల, బ్లీచింగ్ వాసన, వరసగా బకెట్లు. చివర మగదాని గది. ఆ గదికీ కొండకీ మధ్య దించిన ఇనుప తలుపుని ఎత్తే కడ్డీ గోడకి ఇవతల ఉంది. ఆ కడ్డీకి ఎలుగమ్మ తాళం వేలాడుతోంది. గోడ వెనక మగ ఎలుగు ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఎవరో వచ్చారని తెలిసి తలుపుని భుజంతో ఒక్క పోటు పొడిచింది. అత్తయ్య ఉలిక్కిపడి కోడలి భుజం పట్టుకుంది.

సరిగ్గా పదకొండింటికి మేనేజర్ వచ్చాడు. వెనక ఫిట్టరు, అతని చేతిలో మోచేతి పొడుగున్న కట్టరు.

"నువ్వు లోపలికి ఎట్లా వచ్చావు?"

"టికెట్ కొని వచ్చాను సార్."

"టికెట్ వాళ్లు వచ్చే చోటు కాదిది."

"బండ తెరుచుకుంది నాయనా, వచ్చాం," అంది అత్తయ్య.

"ఎవరీవిడ?"

"మా అత్తయ్య."

"తోడుకి అత్తగారిని తెచ్చుకున్నావా?"

"ఆవిడే నన్ను తెచ్చారు సార్."

ఫిట్టరు నవ్వు ఆపుకోవడానికి బకెట్ల వైపు తిరిగాడు. మేనేజర్ చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇవ్వు."

"ఇవ్వను."

"చూడమ్మా, నేనేమీ రాక్షసుణ్ని కాదు. పదకొండు రోజులుగా జనం ఖాళీ కొండ చూసి నన్ను తిట్టుకుంటూ పోతున్నారు. ఎంతో దూరం నుంచి పిల్లల్ని తీసుకుని వస్తున్నారు. అద్దం అవతల ఆ పిల్లలు ఏడుస్తున్నారు."

"అద్దం ఇవతల కూడా పిల్లలున్నాయి సార్."

"చూశావా?"

"విన్నాను."

"చూశావా అని అడుగుతున్నాను."

"లేదు."

"డాక్టరు స్కాన్ చేసి కడుపులో ఏమీ లేదని రాశాడు. నువ్వేమో గోడకి చెవి పెట్టి ఉన్నాయంటావు. నేనెవర్ని నమ్మాలి?"

"స్కాన్ చేసి మూడు నెలలైంది. ఎలుగు కడుపులో పిల్ల చివరి రోజుల దాకా అంతు చిక్కదని డాక్టరే కింద రాశారు. ఆ వాక్యం మీరు చదవలేదు."

"ఈ మగది మాత్రం పాపం చేసుకుందా? పదకొండు రోజులుగా పన్నెండడుగుల గదిలో పడి ఉంది."

ఆ మాట ఎలుగమ్మకు సూటిగా తగిలింది. "తెలుసు," అని మాత్రం అంది.

మేనేజర్ జేబులోంచి ఫారం తీశాడు. తాళం వేసిన మనిషి రాకపోయినా, తీయనన్నా ఆ తాళం కోయడానికి ఉన్న ఫారం అది. తలుపు అవతల ఉన్న జంతువుని ఇద్దరు మనుషులు కళ్లారా చూసి, ఎక్కడ చూశారో, ఎన్నింటికి చూశారో రాసి సంతకాలు పెట్టాలి. అతను గోడకి ఆనించి గబగబా రాశాడు. 'ఆడ ఎలుగు. గుహ. పదీ యాభై.' సంతకం గీకేసి ఫిట్టరుకి ఇచ్చాడు.

"రెండోది నువ్వు పెట్టు."

ఫిట్టరు పెన్ను అందుకున్నాడు. "సార్, పదీ యాభైకి మీరు ఆఫీసులో నాతోనే ఉన్నారు కదా."

"పెట్టవయ్యా."

"నువ్వు చూశావా నాయనా ఆ ఎలుగుని?" అంది అత్తయ్య.

"లేదండీ."

"మరి పెన్ను ఎందుకు పట్టుకున్నావు? చెవి దురదగా ఉందా?"

"మీరు మధ్యలో మాట్లాడకండి," అన్నాడు మేనేజర్.

"మధ్యలో కాదు బాబూ, మొదట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను."

ఫిట్టరు దీనంగా ఎలుగమ్మ వైపు చూశాడు. "నాకింకా పర్మనెంట్ కాలేదక్కా."

"నీ మీద నాకేం కోపం లేదు తమ్ముడూ," అంది ఎలుగమ్మ. "పెట్టాలనుకుంటే పెట్టు. కానీ పెట్టాక ఈ తలుపు నువ్వే ఎత్తాలి. ఎత్తి ఇక్కడే నిలబడి, గుహలోంచి వచ్చే చప్పుడు ఆగేదాకా వినాలి. మేనేజర్ గారు అప్పటికి వరండాలో మైకు పట్టుకుని ఉంటారు."

ట్యూబ్‌లైటు గీమంటోంది. ఫిట్టరు ఫారం చివర ఖాళీగా ఉన్న గడిని చూశాడు. పెన్నుకి మూత పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

"నాకు కనపళ్లేదు సార్."

మేనేజర్ మొహం ఎర్రబడింది. ఒక్క అంగలో వచ్చి ఫిట్టరు చేతిలోంచి కట్టరు లాక్కున్నాడు. దాని దవడలు తెరిచి తాళం కొక్కేనికి పట్టించాడు. గోడ వెనక మగ ఎలుగు తలుపుని మళ్లీ పోటు పొడిచింది. కడ్డీ ఝల్లుమంది.

ఎలుగమ్మ తన రెండు వేళ్లు కొక్కెంలోకి, సరిగ్గా దవడల మధ్యకి దూర్చింది.

"వేళ్లు తియ్యి."

"తీయను."

"నీకు పిచ్చి పట్టిందా? తెగిపోతాయి!"

"కోయండి."

అతను కట్టరు మీద పట్టు మార్చుకున్నాడు. ఆమె చెయ్యి తీయలేదు. ఎలుగుకి మందు పట్టించేటప్పుడు వేళ్లు ఎంత సేపు కదలకుండా ఉంచాలో ఆ చేతికి అలవాటే. ఇనుము చల్లగా చర్మానికి తగిలింది. ఎంత సేపైందో ఎవరూ లెక్కపెట్టలేదు.

"బాబూ," అంది అత్తయ్య, ఈసారి చాలా నెమ్మదిగా. "ఆ కాగితంలో వేళ్లకి గడి ఉందా?"

మేనేజర్ నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. "సార్, పదకొండున్నర అవుతోంది. జనం అడుగుతున్నారు. ఎలుగు వస్తుందా?"

అతను కట్టరు దించాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"రాదని చెప్పండి."

"ఎందుకని చెప్పమంటారు సార్?"

"రాదని చెప్పండి, అంతే!"

ఎలుగమ్మ వేళ్లు బయటికి తీసి చీరకు తుడుచుకుంది. ఒక వేలు మీద ఎర్రటి గీత పడింది.

మేనేజర్ ఫారం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాడు. "ఈ రోజుతో నీ ఉద్యోగం అయిపోయింది. చదువుకుని సంతకం పెట్టు."

ఆమె చదివింది. "తప్పు రాశారు సార్."

"ఏం తప్పు?"

"విధుల్లో నిర్లక్ష్యం అని రాశారు. నేను నిర్లక్ష్యం చేసి ఉంటే ఈ తలుపు ఎప్పుడో తెరిచి ఉండేది. తాళం తీయనన్నందుకు అని రాయండి."

"ఎట్లా రాస్తేనేం? పోయేది ఉద్యోగమేగా."

"రేపు ఇంకో జూకి పనికోసం వెళ్తాను. ఎందుకు తీసేశారని అడుగుతారు. ఈ కాగితమే చూపిస్తాను. చూపించుకునేలా ఉండాలి."

"రాయనంటే?"

"సంతకం పెట్టను. ఇక్కడే కూర్చుంటాను. టికెట్ ఆరింటిదాకా చెల్లుతుంది."

"నాక్కూడా ఉంది టికెట్," అంటూ అత్తయ్య ఒక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుంది.

మేనేజర్ రెండు మాటలు కొట్టేసి, పైన రాశాడు. ఎలుగమ్మ మళ్లీ మొదటినుంచీ చదివింది. తాళం తీయనన్నందుకు. పెన్ను తీసుకుని పూర్తి సంతకం పెట్టింది.

"తాళంచెవి," అన్నాడతను.

"తాళం నాది, నేను కొన్నది. తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని బయటికి వచ్చిన రోజున వచ్చి తీసుకుంటాను. రెండు నెలలు పట్టొచ్చు. ఈలోగా ఎవరైనా కళ్లారా చూస్తే ఫారం ఉందిగా."

ఆమె ఫిట్టరు వైపు తిరిగింది. "తమ్ముడూ, మగదాని గది వెనక చిన్న దొడ్డి ఉంది కదా. అందులో వరండా కుర్చీలు పడేశారు. అవి తీసేస్తే దానికి ఎండా నేలా దొరుకుతాయి. ఆ వైపు తలుపుకి తాళం లేదు."

ఫిట్టరు మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ ఫారం మడత పెట్టుకుంటున్నాడు. అవునని అనలేదు, వద్దనీ అనలేదు.

"ఎన్ని కుర్చీలు అక్కా?"

"నలభై దాకా. పద, నేనూ పడతాను."

"ఉద్యోగం తీసేశారుగా అమ్మాయ్," అంది అత్తయ్య, బకెట్ మీంచి లేస్తూ.

"అందుకే అత్తయ్యా. ఇప్పుడు నన్ను ఎవరాపుతారు?"