కుక్క దేనికీ ప్రతీక కాదు

నీలా ఇంగ్లీషు వ్యాసం తిరిగి చేతికి వచ్చేసరికి అందులో ఒక పేరా మొత్తం ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. అంచున శ్యాంసుందర్ సార్ తెలుగులోనే రాశారు: "ఇది మీ ఇంటి సంగతి. కథలో సాక్ష్యం చూపించు."

శ్యాంసుందర్ సార్ రోజూ సూర్యాపేట నుంచి బస్సులో కోదాడ వచ్చి డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతారు. వ్యాసం రాయమన్నది పాఠంలోని ఒక కథ మీద; దాన్ని ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. కొండల మధ్య ఒక రైల్వే స్టేషను, దాని పక్కన క్వార్టర్స్, అందులో ఒక ఇల్లాలు. భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ఆమె రోజూ సాయంత్రం దీపం వెలిగించి, వీధి వైపు కిటికీ తెరిచి, బల్ల మీద రెండు కంచాలు పెడుతుంది. చివరికి ఒక వీధికుక్క వచ్చి గుమ్మంలో చేరుతుంది. మర్నాడు ఆమె రెండో కంచం తీసి అల్మారాలో పెట్టేస్తుంది. కథ అంతే. కంచం ప్రేమకు ప్రతీక, కుక్క విశ్వాసానికి ప్రతీక అని గైడులో ఉంది. సార్ నోట్సులోనూ ఉంది. క్లాసంతా అదే రాసింది.

నీలా మాత్రం ఆమె కంచం పెట్టింది పరువు కోసం, ఇరుగుపొరుగు చూడాలని, అని రాసింది. రుజువు కింద తన తల్లిని చూపించింది.

నీలా తల్లి సరోజ కోదాడ పక్కన చిలుకూరులో ఇంటి దగ్గరే మిషను కుడుతుంది. తండ్రి, నీలా చిన్నప్పుడే మిర్యాలగూడ వెళ్లి అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అయినా వీళ్ల ఇంటి ముందు దండెం మీద వారం వారం ఒక నీలం గళ్ల మగవాళ్ల అంగీ ఆరుతూనే ఉంటుంది. దాని గురించి నీలా ఎప్పుడూ అడగలేదు. అడగకుండానే ఇంగ్లీషులో ఒక పేరా రాసింది. అదే సార్ కొట్టేసిన పేరా.

నీలా స్టాఫ్ రూముకు వెళ్లి సార్ ముందు నిలబడింది.

"కిటికీ తెరిచిందని కథలనే ఉంది కద సార్. నలుగురు చూడాల్ననే కద."

"గాలికి తెరిచిందేమో."

"చలికాలం సార్."

సార్ పుస్తకం తీసి చూశారు. చలికాలమే. మంచు కూడా పడుతోంది. ఇన్నేళ్లలో ఆయనకు ఆ మంచు తట్టినట్టు లేదు. పుస్తకం మూసి, "సరే, కిటికీ ఒప్పుకున్న. పరువు అని ఎక్కడుంది?" అన్నారు.

ఎక్కడా లేదు.

"మళ్ల చదువు. రాసింది చేత్తో కాదు, టైపు చేయించి పట్టుకరా. లైన్ల నడుమ డబల్ స్పేస్, నాలుగు పక్కల ఇంచు మార్జిన్, ప్రతి పేజీ పైన కుడి దిక్కున ఇంటిపేరు, పేజీ నంబరు."

ఆదివారం పొద్దున నీలా గడపలో కూర్చుని కథను మళ్లీ చదువుతోంది. సరోజ జాకెట్టుకు చేతులు అతికిస్తూ, "ఎన్నిసార్లు సదువుతవే గదే కథ? ఏముంది అండ్ల?" అంది. నీలా తెలుగులో చెప్పుకొచ్చింది. సరోజ కుడుతూనే విన్నది.

"పాపం, భయపడుతుంది" అంది చివరికి.

"భయం కాదమ్మా, పరువు. మొగడు ఇంట్లనే ఉన్నడని అందరు అనుకోవాలె."

"పరువేంది? వాడు పోయిండని ఊరందరికి ఎరుకే ఉంటది. ఎవర్ని నమ్మిస్తది?"

నీలా వాకిట్లో దండెం వైపు చూసింది. "మరి మన అంగీ?" అంది.

సరోజ మిషను ఆపింది. దారం తెంపింది. సూది కింద నుంచి గుడ్డ తీసి మడత పెట్టింది.

"గది మీ నాయనది కాదు. ఆయనవన్ని ఆయనే తీస్కపోయిండు. గది నేను కుట్టిన."

"ఎవరికి?"

"ఎవరికీ కాదు. మీ నాయనది ముప్పై ఎనిమిది సైజు. ఇది నలభై నాలుగు కుట్టిన. నువ్వు పసిపిల్లవి, ఇంట్ల ఒక్కదాన్ని. చుట్టాల ఊరు కాదు, కొత్తోళ్లు వస్తపోతుంటరు. బయట అంత పెద్ద అంగీ ఆరుతుంటే ఊకెనే తలుపు కొట్టరు."

నీలా లేచి వాకిట్లోకి వెళ్లి అంగీని చూసింది. నిజంగానే చాలా పెద్దది. తనలాంటి వాళ్లు ఇద్దరు పట్టేంత ఉంది. ఇన్నేళ్లూ దాని కిందుగా బడికి, కాలేజీకి పోయి వచ్చింది.

లోపలికి వచ్చి, "అంగీ గురించి వ్యాసంల రాసిన. సార్ కొట్టేసిండు" అంది.

"మంచిపని చేసిండు" అంది సరోజ, మళ్లీ మిషను తొక్కుతూ.

ఆ మధ్యాహ్నం నీలా కథను వేరే కళ్లతో చదివింది. కంచం పెట్టే ముందు ఆమె ప్రతిసారీ తలుపు గడియ చూసుకుంటుంది. స్టేషను వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తే దీపం వత్తి పెంచుతుంది. కుక్క మొదటిసారి మొరిగిన సాయంత్రం ఆమె గడియ సంగతి రచయిత ఎత్తలేదు. మర్నాడే కంచం అల్మారాలోకి పోయింది. నీలా పరువు అన్నచోటల్లా కొట్టేసి భయం అని రాసింది. తల్లి గురించి ఒక్క ముక్క రాయలేదు. చివరి పేరా ఇలా మొదలైంది: "ఈ కథలో కుక్క దేనికీ ప్రతీక కాదు. అది కుక్క. అది వచ్చాక కంచంతో పని తీరిపోయింది."

కోదాడ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపే సతీష్ టైపు చేశాడు. నీలా ఇంటిపేరు మేకల. పేజీల మీద మేకల 1, మేకల 2, మేకల 3 అని పడింది.

"లెక్క తప్పిపోకుండ ఏసినట్టుంది" అన్నాడు సతీష్. నవ్వలేదు. నీలా కూడా నవ్వలేదు. పేరాల మొదట్లో జాగా వదలలేదని అతనితో మొత్తం మళ్లీ దిద్దించింది.

సార్ క్లాసుకు ముందు వరండాలో నిలబడి చదివారు. గడియ దగ్గర ఆగి పుస్తకం తెప్పించుకుని చూసుకున్నారు. దీపం దగ్గర ఇంకోసారి చూసుకున్నారు. ఇరవైకి పద్దెనిమిది వేశారు. కథ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టనందుకు రెండు తగ్గించారు.

"గడియ సంగతి ఎట్ల తట్టింది?"

"కథలనే ఉంది సార్."

సార్ క్లాసులో ఆమెను లేపి వ్యాసం చదవమన్నారు. నీలా మూడు పేజీలూ చదివింది. వెనక బెంచీ నుంచి మనీషా చెయ్యెత్తింది.

"సార్, పరీక్షల ఏది రాయాలె?"

సార్ సుద్దముక్క చేతిలోకి తీసుకున్నారు.

"పరీక్షల ప్రేమనే రాయండి" అన్నారు.

అందరూ రాసుకున్నారు.